మునిసిపల్ ఆఫీసులో వర్క్ ఫ్రమ్ హోమ్: ఏ సీటుకి ఇవ్వొచ్చు, ఏ సీటుకి వద్దు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆంధ్రప్రదేశ్‌లో ఒక గ్రేడ్-1 మునిసిపాలిటీలో మీరు సీనియర్ అసిస్టెంట్. రెవెన్యూ, టౌన్ ప్లానింగ్, అకౌంట్స్ విభాగాల మినిస్టీరియల్ స్టాఫ్‌కి (ఫైళ్లు నడిపే గుమస్తాలకి) వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని ఇస్తే ఎలా ఉంటుందో నోట్ పెట్టమని కమిషనర్ గారు చెప్పారు. కౌన్సిలర్లు కొందరు ‘జీతం తీసుకుని ఇంట్లో పడుకుంటారా’ అంటున్నారు. యూనియన్ వాళ్లు ఇస్తే అందరికీ ఇవ్వాల్సిందే అంటున్నారు. ఆఫీసు పనితీరు పెరుగుతుందా, తగ్గుతుందా, దాన్ని ఏ లెక్కతో తేల్చాలన్నది మీ సందేహం.

నేను జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, మేనేజర్‌గా, తర్వాత కమిషనర్‌గా చేసి రిటైరయ్యాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. సీటును, అంటే ఆ కుర్చీలో జరిగే పనిని, చూసి ఇవ్వండి. మనిషిని చూసి ఇస్తే గొడవలు, విభాగం మొత్తానికి ఇస్తే పని ఆగిపోవడం ఖాయం. ఒక సీట్లో ఉన్నవాళ్లు తమ ముందున్న కాగితాలతో తామే ఒక నిర్ణయానికి వచ్చి ఫైలు పైకి పంపగలిగితే, ఆ సీటు ఇంట్లో ఉన్నా నడుస్తుంది. పక్క సీటుని అడిగితే తప్ప ఫైలు కదలని చోట మాత్రం ఇచ్చారా, పెండింగ్ పెరిగిపోతుంది.

ఇంటి నుంచి పని మన ఆఫీసుల్లోకి కొత్తగా వస్తున్నట్టు అందరూ మాట్లాడుతున్నారు గానీ, పైవాళ్లకు అది ఎప్పట్నుంచో ఉంది. దాని పేరు క్యాంపు ఆఫీసు. సాయంత్రం అటెండరు ఫైళ్లన్నీ గుడ్డలో మూటకట్టి బంగళాకి మోసుకెళ్లేవాడు. పొద్దున్నే సంతకాలతో తిరిగొచ్చేవి. పగలంతా విజిటర్లు, టెలికాన్ఫరెన్సులు, వార్డు విజిట్లు ఉంటాయి కాబట్టి ఫైలు తీరిగ్గా చదివేది రాత్రి ఇంట్లోనే. దీన్ని ఎవరూ తప్పుపట్టలేదు. గుమస్తా అదే పని చేస్తానంటేనే అందరికీ అనుమానం వస్తుంది!

ఆ మూటలో తిరిగొచ్చిన ఫైళ్లలో కొన్నిటి మీద సంతకం బదులు ‘మాట్లాడండి’ అని రాసి ఉండేది. మన ఆఫీసుల్లో పనిచేసిన వాళ్లందరికీ ఆ మాట తెలుసు. గుమస్తా ఎదురుగా ఉంటే రెండు నిమిషాల్లో తీరే సందేహం, ఎదురుగా లేడు కాబట్టి ‘మాట్లాడండి’ అయింది. మర్నాడు కమిషనర్ ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తారు, ఆ పైరోజు కలెక్టరేట్‌లో మీటింగ్. ఫైలు గుమస్తా బల్ల మీదే ఉంటుంది, ఆలస్యం అతనిది కాకపోయినా పెండింగ్ అతని పేరు మీద కనిపిస్తుంది. ఫైళ్లు కంప్యూటర్‌లోనే నడిపే ఈ-ఆఫీస్ వచ్చాక కాగితం పోయింది గానీ ఆ మాట పోలేదు. ఇప్పుడు ‘డిస్కస్’ అని టైపు చేసి వెనక్కి పంపిస్తారు.

కాబట్టి నోట్ రాయడానికి ముందు ఒక పని చేయండి. గడిచిన మూడు నెలల ఫైళ్లు ఈ-ఆఫీస్‌లో తెరిచి, ఏ సీటు నుంచి వెళ్లినవి ‘డిస్కస్’ అనో ‘రిమార్క్స్ తెప్పించండి’ అనో వెనక్కి వచ్చాయో సీటువారీగా లెక్కపెట్టండి. ఎక్కువగా వెనక్కి వచ్చే సీటు ఇంటికి పనికిరాదు. ఎప్పుడో ఒకటి మాత్రమే తిరిగొచ్చే సీటుకి నిశ్చింతగా ఇవ్వొచ్చు. ఇంత చిన్న లెక్క ఏ కన్సల్టెన్సీ ఇచ్చే రిపోర్టు కన్నా మీకు బాగా ఉపయోగపడుతుంది.

ఇక దూరంగా కూర్చుని పనిచేయడం. ఇందులో మన రాష్ట్రానికి ఉన్నంత అనుభవం చాలా చోట్ల లేదు. 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. సుమారు 15 వేల సచివాలయాలు, లక్షకు పైగా కొత్త ఉద్యోగులు. పట్టణాల్లో దాదాపు నాలుగు వేల జనాభాకి ఒక వార్డు సచివాలయం లెక్కన పెట్టారు. మునిసిపల్ ఆఫీసులో ఒకే హాల్లో ఉండాల్సిన ప్లానింగ్, శానిటేషన్, ఎమెనిటీస్, అడ్మిన్ సెక్రటరీలు ఒక్కసారిగా ఊరంతా విడిపోయారు. వాళ్లు ఇంట్లో కూర్చోలేదు, నిజమే. కానీ వాళ్లకు పని చెప్పే టౌన్ ప్లానింగ్ ఆఫీసర్‌కి, ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్‌కి), రెవెన్యూ ఆఫీసర్‌కి వాళ్లు కంటి ముందు లేరు. పనితీరు లెక్కలో చూస్తే ఆ దూరానికీ వర్క్ ఫ్రమ్ హోమ్ దూరానికీ పెద్ద తేడా లేదు.

అక్కడ ఏం బాగుపడింది, ఏం దెబ్బతింది? పౌరుడు చేసిన అప్లికేషన్‌కి నంబరు, గడువు, ముగిసిన తేదీ ఉన్న పనులు బాగానే నడిచాయి. కుళాయి ఫిర్యాదు, వీధిదీపం, సర్టిఫికెట్లు లాంటివి. ఆ పని ఎవరిదో అందరికీ తెలుసు, అయిందో లేదో ఫోన్‌లోనే తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిస్తే తప్ప తేలనివి నత్తనడక నడిచాయి. ఒక ఇంటికి పన్ను సవరణ కావాలి అనుకోండి. కొలతలు తీసేది ఒకరు, ప్లాన్ పర్మిషన్ చూసేది ఇంకొకరు, డిమాండ్ (కట్టాల్సిన పన్ను మొత్తం) మార్చేది ఆఫీసులో మూడోవారు. ఒకే హాల్లో ఉంటే కుర్చీ తిప్పి అడిగే మాట, వాట్సాప్ గ్రూపులో వేస్తే రెండు టిక్కులు పడి అక్కడే ఉండిపోతుంది. దీనికి తోడు దూరంగా ఉన్నవాళ్ల మీద ప్రతి డిపార్ట్‌మెంటూ ఒక సర్వే పారేసేది. ఎదురుగా కనిపించే మనిషి నెత్తిన అంత పని పెట్టడానికి ఎవరైనా కాస్త మొహమాటపడతారు. కనపడని మనిషికి టెలికాన్ఫరెన్స్‌లో ‘సాయంత్రానికి హండ్రెడ్ పర్సెంట్’ అని చెప్పేయడం తేలిక. ఇంటి నుంచి పని ఇచ్చినా ఇదే జరుగుతుంది. ఇంట్లోనే ఉన్నారు కదా అని ఎక్సెల్ షీట్లు వచ్చి పడతాయి.

ఇంకొకటి నేర్చుకోవడం. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ నా దృష్టిలో అన్నింటికన్నా పెద్ద నష్టం ఇదే. మా తరం నోట్ ఫైల్ రాయడం ఏ ట్రైనింగ్‌లోనూ నేర్చుకోలేదు. పక్క సీట్లో ఉన్న సీనియర్ రాసింది చూసి, ఆయన చేత తిట్లు తిని నేర్చుకున్నాం. ఏ జీవో ఎక్కడ పనికొస్తుంది, పాత ఫైలు రికార్డు రూమ్‌లో ఏ రాక్‌లో దొరుకుతుంది, ఆడిట్ పేరా (ఆడిట్ వాళ్ల అభ్యంతరం) రాకుండా బిల్లు మీద ఏం రాయాలి, ఇవన్నీ అలా వచ్చినవే. సచివాలయాల్లో నేరుగా చేరిన కుర్రాళ్లు మాకన్నా బాగా చదువుకున్నవాళ్లు, కంప్యూటర్ మా కన్నా బాగా తెలిసినవాళ్లు. కానీ పక్కన సీనియర్ లేడు. వాళ్ల చేతికి నాలుగు పేరాల నోట్ ఇచ్చి రాయమంటే తడబడటం చూశాను. తప్పు వాళ్లది కాదు.

పరిశోధనలు కూడా దాదాపు ఇదే చెబుతున్నాయి. మీ నోట్‌లో ఉదహరించడానికి పనికొస్తాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. అందరూ చెప్పేది చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్ ప్రయోగం. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసింది. ఇంటి నుంచి పనిచేసిన వాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. ఇది చూపించి ‘వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల పని పెరుగుతుంది’ అనేస్తారు. కానీ అది ఒక్క మనిషి, ఒక్క ఫోను, ఒక్క కాల్ తరహా పని. పైగా పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం షిఫ్టులో ఎక్కువ నిమిషాలు పనిచేయడం వల్ల వచ్చింది, విరామాలూ సెలవులూ తగ్గాయి కాబట్టి. ప్రయోగం అయ్యాక వాళ్లలో చాలామంది ఇంట్లో ఒంటరిగా ఉందని తిరిగి ఆఫీసుకే వస్తామన్నారు.

మనకు దగ్గరి కథ చెన్నైది. ఎంఐటీ పరిశోధకులు అక్కడ డేటా ఎంట్రీ ఉద్యోగులను లాటరీ పద్ధతిలో కొందరిని ఇంట్లో, కొందరిని ఆఫీసులో పెట్టి చూశారు. 2023లో వెలువడిన ఆ ఫలితాల్లో ఇంటి నుంచి చేసినవాళ్ల పని 18 శాతం తక్కువ. ఆ తేడాలో మూడింట రెండు వంతులు మొదటి రోజు నుంచే ఉంది. మిగతాది ఇంట్లో ఉన్నవాళ్లు నెమ్మదిగా నేర్చుకోవడం వల్ల వచ్చింది. ఇంకో విశేషం కూడా గమనించారు. ఇల్లే కావాలని కోరుకున్నవాళ్ల పనే ఇంట్లో ఇంకా ఎక్కువ తగ్గింది. పిల్లలు, ఇంటి పనులు, పెద్దవాళ్లు ఉన్నవాళ్లే ఇల్లు కోరుకుంటారు, వాళ్లకే ఇంట్లో ప్రశాంతత ఉండదు. మన ఊళ్లలో రెండు గదుల ఇంట్లో టీవీ నడుస్తుండగా డిమాండ్ రిజిస్టర్ సరిచూడటం ఎలా ఉంటుందో ఊహించడానికి పరిశోధన అవసరం లేదు లెండి. కాబట్టి ‘ఎవరికి కావాలో చేతులెత్తండి’ అనే పద్ధతిలో మాత్రం ఇవ్వకండి.

ప్రభుత్వ ఉద్యోగం మీదే జరిగిన అధ్యయనం అమెరికా పేటెంట్ ఆఫీసుది. అక్కడ పేటెంట్ ఎగ్జామినర్లు అప్పటికే ఇంటి నుంచి చేస్తున్నారు. 2012లో, దేశంలో ఎక్కడినుంచైనా చేసుకోవచ్చన్నారు. అలా మారినవాళ్ల పని 4.4 శాతం పెరిగింది. ఎగ్జామినర్ పని మన టౌన్ ప్లానింగ్‌లో ఆన్‌లైన్ స్క్రూటినీ (ప్లాన్ల పరిశీలన) లాంటిదే. డ్రాయింగ్, రూల్స్, దరఖాస్తు ముందుంటాయి, ఒక్కరే కూర్చుని తేలుస్తారు. అప్పట్లో అక్కడ కొత్తగా చేరినవాళ్లకు ఈ సౌకర్యం వెంటనే ఇచ్చేవారు కాదు, ముందు ఆఫీసులో పని నేర్చుకోవాల్సి ఉండేది. నేను పైన చెప్పిన బాధకి వాళ్లు నియమంతోనే మందు వేశారు. మీరూ మీ నోట్‌లో ‘ఆ సీట్లో కనీసం రెండేళ్లు పూర్తయినవారికి మాత్రమే’ అని రాయండి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను ఇంటికి పంపడం వాళ్లకే అన్యాయం.

రెండు రోజుల సంగతికొస్తే, అదే చైనా కంపెనీలో బ్లూమ్ బృందం ఇంకో ప్రయోగం చేసింది. 1,612 మంది ఉద్యోగులు. కొందరికి వారంలో రెండు రోజులు ఇల్లు, మిగతావాళ్లకు పూర్తిగా ఆఫీసు. 2024లో వచ్చిన ఫలితం ప్రకారం పనితీరులో తేడా ఏమీ రాలేదు, రాజీనామాలు మాత్రం మూడో వంతు తగ్గాయి. మన దగ్గర ఎవరూ రాజీనామా చేయరు కాబట్టి ఆ లాభం మనకు కనిపించకపోవచ్చు. కానీ మన దగ్గర దానికి సమానమైనది ఇంకోటి ఉంది: బదిలీ కోసం తిరగడం, డిప్యుటేషన్ మీద వెళ్లిపోవడం, లాంగ్ లీవు. పొరుగూరి నుంచి రోజూ బస్సులో వచ్చే ఉద్యోగికి వారానికి రెండు ప్రయాణాలు తగ్గితే ఆ సీటు ఖాళీ కాకుండా ఉంటుంది. ఖాళీ సీటుకి ఇన్‌చార్జ్ వేసి నడపడం ఎంత నరకమో మీకు తెలుసు. ఈ పాయింట్ నోట్‌లో తప్పకుండా రాయండి.

ఇప్పుడు పనితీరు కొలవడం. మీరు దీని మీదే ఎక్కువ అడిగారు, మన వ్యవస్థ ఎక్కువగా మోసపోయేదీ ఇక్కడే.

సగటు రోజులు రాయకండి. వంద ఫైళ్లలో తొంభై ఫైళ్లు రెండు రోజుల్లో, పది ఫైళ్లు రెండొందల రోజుల్లో తేలాయనుకోండి. సగటు తీస్తే దాదాపు 22 రోజులు వస్తుంది. ఆ వందమందిలో ఒక్కరు కూడా 22 రోజులు ఆగలేదు. తొంభై మందికి మీరెవరో గుర్తే ఉండదు, ఆ పదిమందే ప్రతి సోమవారం పీజీఆర్‌ఎస్‌కి (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికకి) వచ్చి కలెక్టర్ ముందు నిలబడతారు. కాబట్టి ప్రతి సీటులో అన్నింటికన్నా పాత పెండింగ్ ఎన్ని రోజులదో చూడండి. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో తేలిక ఫైళ్లు గబగబా వెళ్లిపోతాయి, కష్టమైనవి అడుక్కి చేరతాయి. సగటు బాగుపడినట్టే కనిపిస్తుంది, లోపల పుండు పెరుగుతుంటుంది.

రెండోది షార్ట్‌ఫాల్. తెలంగాణలో 2020లో ఇళ్ల అనుమతులకు టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ పద్ధతి తెచ్చినప్పుడు 75 గజాల లోపు ఇంటికి రిజిస్ట్రేషన్ చాలు, 600 గజాల వరకు పది మీటర్ల ఎత్తు లోపైతే సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద వెంటనే అనుమతి, ఆపైన 21 రోజుల గడువు అన్నారు. మంచి ఆలోచన. గుమస్తా చేతిలోంచి చిన్న పనులను పూర్తిగా తీసేసింది. కానీ గడువు పెట్టిన ప్రతి చోటా, ఏ రాష్ట్రమైనా, ఒక అలవాటు పుడుతుంది. గడువు దగ్గరపడగానే ‘ఫలానా కాగితం జతచేయలేదు’ అని ఒక షార్ట్‌ఫాల్ పంపిస్తే బంతి దరఖాస్తుదారు కోర్టులోకి వెళ్లిపోతుంది, మన గడియారం ఆగుతుంది. అతను ఆ కాగితం ఇచ్చాక ఇంకో షార్ట్‌ఫాల్! ఎదురుగా మనిషి వచ్చి నిలబడితే ఇలా చేయడానికి కొంచెం సిగ్గేస్తుంది. ఇంట్లో కూర్చుంటే ఆ సిగ్గు ఉండదు. ఒకే దరఖాస్తుకి రెండోసారి షార్ట్‌ఫాల్ వేసిన సందర్భాలు ఇంటి రోజుల్లో ఎన్ని, ఆఫీసు రోజుల్లో ఎన్ని అని విడివిడిగా తీయండి. అలాగే పీజీఆర్‌ఎస్‌లో పరిష్కరించామని మూసేసి, మళ్లీ రీఓపెన్ అయినవి చూడండి. మూసిన సంఖ్య ఎవరైనా పెంచగలరు, రీఓపెన్‌ని దాచలేరు.

హాజరు గురించి రెండు మాటలు. ముఖం చూపించి హాజరు వేయించుకునే యాప్‌లు వచ్చాయి, మనిషికి బదులు ఫొటో చూపించి ఆ యాప్‌లను బురిడీ కొట్టించిన వార్తలూ చదివాం. ఇంట్లో గంటకోసారి సెల్ఫీ పంపమనే షరతులు పెట్టకండి. ఆ సెల్ఫీలు చూడటానికి ఇంకో గుమస్తా కావాలి. ఏ ఫైళ్లు ఆ రోజు తేలాలో పొద్దున్న రాసుకుని, సాయంత్రం మేనేజర్ ఈ-ఆఫీస్‌లో చూసుకుంటే చాలు. మన పాత పర్సనల్ రిజిస్టర్ (పీఆర్) పద్ధతి అదే కదా. వారానికోసారి మేనేజర్ పీఆర్ చెక్ చేసి ఎర్ర సిరాతో రాసేవారు. ఇప్పుడు ఆ చెకింగ్ చాలా ఆఫీసుల్లో పోయింది. అది లేని చోట వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వడం కన్నా ముందు దాన్ని తిరిగి పెట్టడం మంచిది.

భద్రత విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ కొంపలు ముంచేది ఇదే. కంప్యూటర్‌లో సంతకం పెట్టే డిజిటల్ కీ ఎవరి దగ్గర ఉంటుంది? రూలు ప్రకారం ఆఫీసర్ దగ్గర. నిజానికి చాలా చోట్ల ఔట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటర్ డ్రాయర్‌లో, పిన్ నంబరు చీటీ మీద. ఆఫీసర్ ఇంట్లో, కీ ఆఫీసులో ఉంటే సంతకం ఎవరు పెట్టినట్టు? జనన మరణాల నమోదు సంగతే చూడండి. పుట్టిన 21 రోజుల్లోపు చెబితే మామూలు నమోదు. ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. ఆ మధ్య హైదరాబాద్‌లో అలాంటి ఉత్తర్వులు లేకుండానే జారీ అయిన జనన, మరణ ధ్రువపత్రాలు వేల సంఖ్యలో బయటపడి, రద్దు చేయాల్సి వచ్చింది. ఆన్‌లైన్ అప్లికేషన్‌లో ఉత్తర్వు ఉండాల్సిన చోట తెల్లకాగితం అప్‌లోడ్ చేసినా వెళ్లిపోయింది. అది వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల జరగలేదు. కానీ తెరిచి చూడకుండా అప్రూవ్ నొక్కే అలవాటు ఉన్న చోట దూరం ఇంకా ప్రమాదం. లేట్ రిజిస్ట్రేషన్, పేరు మార్పు, మ్యుటేషన్ (ఆస్తి యజమాని మార్పు) సీట్లను నేనైతే ఇంటికి ఇవ్వను. వాటిలో ఒరిజినల్ చేతితో పట్టుకుని, వెలుతురులో తిప్పి చూడాల్సిన అవసరం ఉంటుంది.

మరి ఏ సీట్లకి ఇవ్వొచ్చు? నా అనుభవంలో ఆన్‌లైన్ బిల్డింగ్ ప్లాన్ స్క్రూటినీ (సైట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ వచ్చాక), ఆడిట్ పేరాలకు జవాబులు, కోర్టు కేసుల పేరావారీ రిమార్క్స్, ఆర్టీఐ జవాబులు, బడ్జెట్ తయారీ, పెన్షన్ ప్రపోజల్స్, అకౌంట్స్‌లో నెలవారీ రీకన్సిలియేషన్ (లెక్కలు సరిపోల్చడం). ఇవన్నీ ఆఫీసులో జరగని పనులు కూడా. ఆడిట్ జవాబు రాద్దామని కూర్చుంటే పదిమంది వస్తారు, సాయంత్రానికి ఒక పేరా కూడా అవదు. హైకోర్టు కేసుల్లో కౌంటర్ (మన తరఫు జవాబు) వేయకపోవడం వల్ల మునిసిపాలిటీలు ఎన్ని స్థలాలు పోగొట్టుకున్నాయో తలుచుకుంటే బాధేస్తుంది. ఒక మంచి గుమస్తాకి రెండు రోజులు ఇంట్లో నిశ్శబ్దం దొరికితే ఆ కౌంటర్లు వెళ్తాయి. నిజమైన లాభం ఇక్కడే ఉంది. బిల్లుల సీటు, టపా సీటు, పన్ను అసెస్‌మెంట్ సీటు ఆఫీసులోనే ఉండాలి.

కౌన్సిలర్ల మాటను కొట్టిపారేయకండి. వార్డు నుంచి ఒక ముసలాయన్ని వెంటబెట్టుకుని కౌన్సిలర్ వచ్చాడు, సీటు ఖాళీగా ఉంది. ఓటరు ముందు ఆయన పరువు పోతుంది, ఆ కోపం కౌన్సిల్ మీటింగ్‌లో కమిషనర్ మీద తీరుస్తాడు. 2025 జనవరిలో మన మిత్ర పేరుతో 161 సేవలతో వాట్సాప్ గవర్నెన్స్ మొదలుపెట్టాక కౌంటర్ దగ్గరికి రావాల్సిన పనులు కొన్ని తగ్గాయి. అయినా ఫోన్ వాడటం రానివాళ్లు, వాడినా నమ్మనివాళ్లు వస్తూనే ఉంటారు. వాళ్లకి సమాధానం చెప్పే భారం ఆ రోజు ఆఫీసుకి వచ్చిన పక్క సీటు మీద పడుతుంది. ఇంట్లో ఉన్నవాళ్ల పెండింగ్‌కి తిట్లు తినేది ఆఫీసులో ఉన్నవాళ్లు. ఇది రెండు నెలలు సాగితే స్టాఫ్‌లో చీలిక వస్తుంది. అందుకని సోమవారం అందరూ ఆఫీసులోనే ఉండాలి, పీజీఆర్‌ఎస్ రోజు కాబట్టి. ఏ సీటు ఏ రోజుల్లో ఉండదో, ఆ రోజు ఏ నంబరుకి ఫోన్ చేయాలో గేటు దగ్గర బోర్డు పెట్టండి. ఆ ఫోన్ ఎత్తకపోతే సౌకర్యం రద్దని రాయండి.

యూనియన్ ‘అందరికీ’ అన్నది జరగని పని అని వాళ్లకీ తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులు మూడో వంతు సిబ్బందితో నడిచిన రోజుల్లో కూడా పారిశుద్ధ్య కార్మికులు తెల్లవారకముందే మస్టర్‌కి వచ్చారు. వాళ్లకి ఇంటి నుంచి పని అనే ప్రశ్నే లేదు. ఇప్పుడు ఏసీ గదిలో కూర్చునేవాళ్లకి ఇంకో సౌకర్యం ఇచ్చి, చీపురు పట్టినవాళ్లకి ఏమీ ఇవ్వకపోతే వాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. వాళ్ల వీక్లీ ఆఫ్ కచ్చితంగా అమలు చేయడం, జీతం నెల మొదటి వారంలో పడేలా చూడటం లాంటివి అదే నోట్‌లో చేర్చండి. కమిషనర్‌కి కూడా అది సభలో నిలబడి చెప్పుకోవడానికి పనికొస్తుంది.

కొలతల విషయంలో చూసి నేర్చుకోదగ్గది ఇంగ్లండ్‌లోని సౌత్ కేంబ్రిడ్జ్‌షైర్ జిల్లా కౌన్సిల్. అక్కడ పెట్టింది ఇంటి నుంచి పని కాదు, పూర్తి జీతంతో వారానికి నాలుగు రోజుల పని. 2023 జనవరిలో ట్రయల్ మొదలుపెట్టారు. ఆపేయమని అప్పటి బ్రిటన్ ప్రభుత్వ మంత్రి లేఖ కూడా రాశాడు. వాళ్లు మాత్రం వాదించుకుంటూ కూర్చోకుండా 24 సేవలను ఎంచుకుని, ముందూ తర్వాతా లెక్కలు తీసి, బయటి యూనివర్సిటీల చేత పరిశీలింపజేశారు. 2024 నివేదికలో 22 సేవలు అలాగే ఉన్నాయి లేదా మెరుగుపడ్డాయి. ఉద్యోగులు మానేయడం 39 శాతం తగ్గింది. కౌన్సిల్ ఇళ్ల అద్దె వసూలు, ఖాళీ అయిన ఇళ్లను మళ్లీ అద్దెకిచ్చే వేగం తగ్గాయి, ఆ రెండూ కూడా దాచకుండా చెప్పారు. 2025 జులైలో దాన్ని శాశ్వతం చేశారు. మీరు 24 పెట్టుకోనక్కర్లేదు. నేను పైన చెప్పిన నాలుగు చాలు: డిస్కస్‌తో వెనక్కి వచ్చినవి, అతి పాత పెండింగ్, రెండో షార్ట్‌ఫాల్, రీఓపెన్. మొదలుపెట్టకముందు మూడు నెలల లెక్క తీసి పక్కన పెట్టుకోవడం మాత్రం మర్చిపోవద్దు. అది లేకుండా తర్వాత ఎవరేమన్నా జవాబు ఉండదు.

అధికారం సంగతి. దీన్ని కమిషనర్ స్థాయిలో ఆఫీస్ ఆర్డర్ వేసి ఇచ్చేయకండి. రేపు ఆడిట్‌లో ‘ఆ రోజుల జీతం ఎలా డ్రా చేశారు’ అని పేరా వస్తే ఉద్యోగి ఇరుక్కుంటాడు. సీడీఎంఏకి (రాష్ట్ర పురపాలక శాఖ కమిషనర్ అండ్ డైరెక్టర్‌కి) ప్రతిపాదన పంపి, పైలట్‌గా అనుమతి తీసుకోండి. కేంద్రంలో పరిపాలనా సంస్కరణల విభాగం 2020 మేలో తయారుచేసిన ముసాయిదాలో అర్హులైన ఉద్యోగులకు ఏడాదికి 15 రోజులు ఇంటి నుంచి పని ఇవ్వొచ్చని ఉంది. అది ముసాయిదాయే అయినా రెఫరెన్స్‌గా పనికొస్తుంది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మహిళలకు వర్క్ ఫ్రమ్ హోమ్ గురించి చేసిన ప్రకటనను మాత్రం ఇందులో కలపకండి. అది ప్రధానంగా ఐటీ రంగాన్ని దృష్టిలో పెట్టుకుని అన్నది. దాన్ని చూపించి మునిసిపల్ ఉద్యోగులకు అడిగితే ఫైలు ‘డిస్కస్’ అని తిరిగొస్తుంది!

పైలట్ ఏప్రిల్‌లో వద్దు, ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం రాయితీ కోసం జనం క్యూ కడతారు. జనవరి నుంచి మార్చి దాకా వసూళ్లు, బడ్జెట్, బిల్లుల ఒత్తిడి. జులైలో మొదలుపెట్టి డిసెంబర్ చివరికి ముగించండి. నాలుగైదు సీట్లు చాలు. ముందు కోర్టు కేసుల సీటుతో మొదలుపెట్టండి, కౌంటర్లు ఎన్ని వెళ్లాయో చూపిస్తే కౌన్సిల్‌లో సగం నోళ్లు అక్కడే మూతపడతాయి. నోట్ డ్రాఫ్ట్ తయారయ్యాక సీటువారీ లెక్కలతో సహా ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. ఉద్యోగుల పేర్లు మాత్రం తీసేయండి.